ఆసుపత్రి అంతస్తులో పుట్టిన విద్యార్థి సేవ

పోలియో టీకా అందుబాటులోకి రాకముందు, 1953లో, కాలిఫోర్నియాకు చెందిన ఎడ్ రాబర్ట్స్‌కు 14వ ఏట ఆ వ్యాధి సోకింది. మెడ కింది శరీరం దాదాపుగా చచ్చుబడింది. శ్వాస ఆడటానికి ఆయన ఐరన్ లంగ్ అనే ఇనుప పేటికలో పడుకోవలసి వచ్చేది.

1962లో ఆయన బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరారు. అంతటి యంత్రానికి వసతిగృహాలలో తావు లేక, ప్రాంగణంలోని కోవెల్ ఆసుపత్రిలోనే నివాసం ఏర్పాటు చేశారు. క్రమంగా తీవ్ర వైకల్యం గల మరికొందరు విద్యార్థులు అక్కడికి చేరారు. ఆసుపత్రిలో ఉన్నంతకాలం తాము రోగులుగానే లెక్కకు వస్తామని వారు గ్రహించారు. వారి చొరవతో 1970లో వికలాంగ విద్యార్థుల సేవా కార్యక్రమం మొదలైంది. సహాయకులను కుదర్చడం, అనువైన ఇల్లు వెదకడం, చక్రాల కుర్చీలు బాగుచేయడం దాని పనులు. వాటిలో ఏదీ చికిత్స కాదు. కానీ అవి లేనిదే చదువు సాగదు.

మన దేశంలో 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. అభ్యసన వైకల్యాలు అందులో లేవు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి వాటికీ చోటిచ్చింది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో నిర్దేశిత స్థాయి వైకల్యం గలవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది.

సీటుతోనే అవసరం తీరదు. తల్లిదండ్రులు ధ్రువపత్రంతోపాటు, తమ బిడ్డకు ఏ సాయం కావాలో ప్రవేశ సమయంలోనే కళాశాలకు రాతపూర్వకంగా తెలపాలి.