ముఖపరిచయం లేని స్నేహం, తొలి కలయిక: తెలుగు వికీపీడియా సమావేశాలపై ఒక పరిశీలన

అంతర్జాలంలో స్నేహితులైనవాళ్లు తొలిసారి ఎదురెదురుగా కలుసుకోవడం మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఊహకూ వాస్తవానికీ మధ్య దూరాన్ని కొలిచే ప్రయత్నమే. పరిశోధకుడు జోసెఫ్ వాల్తర్ 1996లో చేసిన ప్రతిపాదన దీనికి పునాది. పరిచయం రాతకే పరిమితమైనప్పుడు మనిషి తన గురించి ఏం చెప్పాలో ఏరుకుంటాడు, తీరిగ్గా దిద్దుకుంటాడు. చదివేవాడు మిగిలిన ఖాళీలను మంచితో పూరించుకుంటాడు. అందువల్ల ఆ చనువు ఒక్కోసారి ముఖాముఖి స్నేహాన్ని కూడా మించిపోతుందని ఆయన వాదన. ఆర్టెమియో రామిరెజ్, షుయాంగ్‌యూ జాంగ్ 2007లో దీన్ని ముందుకు తీసుకెళ్లి, తెర మీద చాలాకాలం గడిపి ఆలస్యంగా కలుసుకున్నవాళ్ల కంటే తొందరగా కలుసుకున్నవాళ్ల సంబంధమే మెరుగ్గా ఉందని చూపించారు. ఆలస్యంగా కలిస్తే ఊహ గట్టిపడి ఉంటుంది కాబట్టి నిరాశ కూడా ఎక్కువని దీని తాత్పర్యం.

తెలుగు వికీపీడియాకు (తెవికీకి) ఈ నమూనా సరిపోదు. అక్కడ ఏళ్ల తరబడి కలిసి పనిచేశాక మొదటిసారి కలుసుకున్నవాళ్లు చాలామంది. వాళ్ల విషయంలో కలయిక తెచ్చే ఇబ్బంది ఊహ చెదరడం వల్ల వచ్చేది కాదు. రాత దాచిపెట్టిన సామాజిక వివరాలన్నీ ఒక్కసారిగా బయటపడటం వల్ల వచ్చేది. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఇదే.

2003 డిసెంబరులో మొదలైన తెవికీలో మనిషి పరిచయమయ్యేది తను చెప్పుకున్న మాటల ద్వారా కాదు, చేసిన పని ద్వారా. లాగిన్ అయి చేసిన ప్రతి దిద్దుబాటూ వాడుకరి పేరుతో, గంట నిమిషాలతో సహా పేజీ చరిత్రలో నమోదవుతుంది. ఎవరు అర్ధరాత్రి దాటాక కూర్చుని ఒక మండలంలోని ఊళ్ల జాబితా సరిచేశారో, ఎవరు మూలం లేని వాక్యాన్ని తీసేశారో, తీసేసినందుకు ఎవరు చర్చా పేజీలో కోప్పడ్డారో, ఆ కోపానికి ఎదుటివారు ఎంత ఓర్పుగా జవాబిచ్చారో పదేళ్ల తర్వాత కూడా చదువుకోవచ్చు. వాడుకరి పేజీలో ఎంత గొప్పగా రాసుకున్నా, అది ఈ చరిత్ర ముందు నిలవదు. ఖాళీలను మంచితో నింపుకునే అవకాశం ఇక్కడ తక్కువ. పట్టుదల, ముక్కుసూటితనం, అక్షరదోషాల మీద పట్టింపు అన్నీ అప్పటికే తెలిసినవే. తెలియనివి వేరే ఉన్నాయి. వయసు, గొంతు, యాస, ఇంటిపేరు, ఉద్యోగం. తెలుగునాట మనిషితో ఎలా మెలగాలో నిర్ణయించేవి చాలావరకు ఇవే.

హైదరాబాదులో తెవికీ నెలవారీ సమావేశాలు కొంతకాలం ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్‌లో జరిగాయి. సరోజినీ నాయుడి కుటుంబం నివసించిన ఆ ఇల్లు ఇప్పుడు హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. ఇటువంటి సమావేశాల్లో పరిచయాలు ఒక పద్ధతిలో సాగుతాయి. కొత్తగా వచ్చినవారు అసలు పేరు చెబితే గదిలో పెద్దగా స్పందన ఉండదు. వాడుకరి పేరు చెప్పగానే మాత్రం "ఓ, మీరేనా!" అంటూ కుర్చీలు అటు తిరుగుతాయి. ఆ వెంటనే వచ్చే క్షణమే పరిశోధకుడు గమనించదగ్గది. చర్చా పేజీలో సమానుల్లా వాదించుకున్న ఇద్దరిలో ఒకరు పదవీ విరమణ చేసిన అధ్యాపకులు, మరొకరు డిగ్రీ విద్యార్థి అని తేలుతుంది. తెరమీద అందరూ అందరికీ "గారు", "మీరు". ఎదుట నిలబడేసరికి కుర్రవాడి గొంతులో "సార్" వచ్చేస్తుంది. నిన్నటిదాకా నిర్మొహమాటంగా "మూలం చూపండి" అని రాసినవాడు ఇప్పుడు ఆ మాట అనడానికి తటపటాయిస్తాడు. వికీలో సంపాదించుకున్న సమానత్వం కలయికతో జారిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. పెద్దవారు కూడా చిన్నవాణ్ణి "మీరు" అనే పిలిచే చోట్ల ఆ తటపటాయింపు త్వరగా పోతుంది. చిన్న మర్యాదే, కానీ సమావేశం ఎలా నడుస్తుందో అదే నిర్ణయిస్తుంది.

ఇంటిపేరు సంగతి ఇంకా సున్నితం. మనదగ్గర ఇంటిపేరు, ఊరు అడగడంలో చాలాసార్లు కులం ఆరా కూడా దాగి ఉంటుంది. వాడుకరి పేరు ఆ ఆరాకు అడ్డుకట్ట. దాన్ని వదులుకుని గదిలోకి రావడం అందరికీ ఒకే ఖరీదు కాదు. స్త్రీల విషయంలో దీనికి భద్రత కూడా తోడవుతుంది. తెలియని మగవాళ్లు ఎక్కువగా ఉండే చోటికి వెళ్లడానికి ఇంట్లో ఏం చెప్పాలి, ఫొటోలు ఎక్కడ పెడతారు, తిరుగు ప్రయాణం ఎంత పొద్దుపోయి అవుతుంది? కళాశాలో గ్రంథాలయమో వేదిక కావడం, ఫొటో తీసేముందు అనుమతి అడగడం నిర్వాహకులకు చిన్న ఏర్పాట్లుగా కనిపించవచ్చు. వచ్చేవారికి మాత్రం రావాలా వద్దా అన్నది తేల్చేవి అవే.

యాస సంగతికి విజయవాడ సమావేశాన్ని మించిన ఉదాహరణ లేదు. తెవికీ దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరి 15, 16 తేదీల్లో అక్కడి కె.బి.ఎన్. కళాశాలలో జరిగాయి. రాష్ట్రాన్ని రెండుగా విభజించే ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభలో తీవ్ర గందరగోళం మధ్య ప్రవేశపెట్టింది అదే నెల 13న, సభ ఆమోదించింది 18న. సరిగ్గా ఆ మధ్య రోజులవి. నోరు విప్పితే ఏ ప్రాంతంవారో తెలిసిపోయే భాష మనది. వ్యాసాల్లో రాసే ప్రామాణిక తెలుగు ఆ తేడాను కప్పివేస్తుంది, భోజనాల దగ్గర మాట్లాడే తెలుగు కప్పలేదు. రాష్ట్రమంతా మనుషులను ప్రాంతాన్ని బట్టి చూస్తున్న ఆ వారంలో, అన్ని యాసలూ ఒకే ప్రాంగణంలో వినిపించడం మామూలు విషయం కాదు. ఆ ఏడాది జూన్ 2న రాష్ట్రం రెండయింది, తెవికీ ఒక్కటిగానే ఉంది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31కి, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26కి పెరిగినప్పుడు, ఏ మండలం ఏ జిల్లాలోకి వెళ్లిందో ఊరూరి వ్యాసంలోనూ మార్చే పని ఒకే సముదాయం మీద పడింది. కలుసుకోవడం వల్లే ఇది సాధ్యమైందని అనలేం. అయితే యాస విని కూడా చెడని స్నేహాలు ఆ పనికి ముందే ఉన్నాయన్నది కాదనలేం.

కలయిక లాభాలను లెక్కవేసేటప్పుడు రాలేనివారిని మరవకూడదు. గల్ఫ్‌లో ఉన్నవారు, అమెరికాలో ఉన్నవారు, ఊరు కదల్లేని అనారోగ్యంతో ఉన్నవారు తెరమీద పూర్తి సభ్యులే. నలుగురు కలిసి టీ తాగుతూ ఒక నిర్ణయానికి వస్తే వీళ్లు ఒక్కసారిగా బయటివాళ్లవుతారు. సమావేశంలో అనుకున్నదాన్ని నివేదికగా రాసి, తెవికీలోని ఉమ్మడి చర్చా వేదిక రచ్చబండలో చర్చకు పెట్టడం ఎందుకు అవసరమో ఇక్కడ తెలుస్తుంది. అలా పెట్టని నిర్ణయం ఎంత మంచిదైనా, రానివారి నోటికి తాళం వేసినట్టే.

ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి కావలసిన సామగ్రి సిద్ధంగా ఉంది. ఇద్దరు వాడుకరులు కలుసుకున్న తేదీ సమావేశం పేజీలో దొరుకుతుంది. వారి మధ్య అంతకుముందూ ఆ తర్వాతా నడిచిన చర్చలు చర్చా పేజీల్లో అక్షరం పోకుండా ఉన్నాయి. సంబోధన మారిందా? చిన్నవారు పెద్దవారి దిద్దుబాటును రద్దు చేయడం తగ్గిందా? చేసినప్పుడు కారణం మునుపటిలాగే సూటిగా రాస్తున్నారా, లేక క్షమాపణతో మొదలుపెడుతున్నారా? వాల్తర్ చెప్పిన ఊహాసాన్నిహిత్యం కంటే ఈ మూడు ప్రశ్నలే తెలుగు సమాజంలో తొలి కలయిక గురించి మనకు ఎక్కువ చెబుతాయి.