టూరింగ్ మోటారుసైకిలుకు కొత్త టైర్ల ఎంపిక: చీపురుపల్లి రోడ్లు

దూర ప్రయాణాలకు వాడే మోటారుసైకిలు టైర్లు అరిగిపోయినప్పుడు వాటి స్థానంలో ఏవి వేయించుకోవాలన్నది ఈ వ్యాసం విషయం. కొలత, బరువు మోసే శక్తి, వేగ పరిమితి, రబ్బరు, గాట్ల తీరు, తయారైన తేదీ ఈ ఎంపికలో చూసుకోవలసినవి. టైరు మంచిచెడ్డలు అది తిరిగే రోడ్డు మీదే తేలుతాయి కాబట్టి, విజయనగరం జిల్లాలోని చీపురుపల్లిని కేంద్రంగా పెట్టుకుని చెప్పడం జరిగింది.

ఊరు, చుట్టూ ఉన్న రోడ్లు

చీపురుపల్లి హౌరా–చెన్నై రైలు మార్గం మీద, విజయనగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. పక్కనే గరివిడి. ఈ చుట్టుపక్కల నేల మాంగనీసుకు పేరు పొందింది, ఖనిజం లారీలు తిరిగే చోట రోడ్డు అంచున సన్నని రాతిపొడి పేరుకుంటుంది. తూర్పున 16వ నంబరు జాతీయ రహదారి సముద్ర తీరం వెంట సాగుతుంది. విజయనగరం చేరితే మరో రెండు దారులు దొరుకుతాయి: సాలూరు, సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్లే 26వ నంబరు రహదారి, శృంగవరపుకోట, అనంతగిరి కొండల మీదుగా అరకు ఎక్కే 516ఇ రహదారి. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి శిఖరం 1,672 మీటర్ల ఎత్తుతో ఒడిశా మొత్తంలో ఎత్తైనది. బైకు మీద అక్కడికి వెళ్లిరావాలని ఈ వైపు కుర్రాళ్లలో చాలామందికి కోరిక.

ఇక్కడివారికి దూర ప్రయాణమంటే కొండలు చూడడం ఒక్కటే కాదు. హైదరాబాద్, విజయవాడ, చెన్నైలకు పనుల కోసం వలస వెళ్లిన ఉత్తరాంధ్ర వాళ్లు సంక్రాంతికి రైల్లో చోటు దొరక్క బండి మీదే ఇంటికి వస్తారు. వెనక మనిషి, ట్యాంకు మీద సంచి, తిరుగు ప్రయాణంలో బియ్యం మూట. ఈ బరువుతో వందల కిలోమీటర్లు కాలిన తారు మీద పరుగెత్తే టైరుకు పడే శ్రమ అరకు ఘాట్ ఎక్కే టైరుకు కూడా పడదు. కొత్త టైరు కొనేటప్పుడు చాలామంది మరిచిపోయే ప్రయాణం ఇదే.

వీటన్నిటికీ తోడు పంట కాలం. మొక్కజొన్న కోతలయ్యాక గింజల్ని తారు రోడ్డు మీద ఆరబోస్తారు. సగం రోడ్డు పసుపుపచ్చగా మారిపోతుంది, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. ఎండిన గింజ మీద చక్రం పడితే గింజ కింద తిరుగుతుంది, పైన రబ్బరుకు పట్టు ఉండదు. ఎంత ఖరీదైన టైరైనా ఇక్కడ చేసేదేమీ లేదు. బ్రేకు ముట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా, ముందే వేగం తగ్గించి నిటారుగా దాటాలి.

ఎప్పుడు మార్చాలి

గాట్లు పూర్తిగా పోయిన టైరును చూసి ఈ ప్రాంతపు పంక్చర్ షాపుల్లో "గుండైపోనాది బాబూ" అంటారు. అప్పటికి చాలా ఆలస్యమైనట్టే. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 94వ నియమం ద్విచక్ర వాహనాల టైరుకు కనీసం 0.8 మిల్లీమీటర్ల గాటు లోతు ఉండాలంటుంది, పెద్ద వాహనాలకైతే 1.6. గాట్ల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు కట్టలు పోసి ఉంటాయి. పక్కగోడ మీద టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలో చిన్న త్రికోణమో కనబడిన చోటి నుంచి నేరుగా లోపలికి చూస్తే ఆ కట్ట దొరుకుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ కట్టతో సమానమైతే టైరు పని అయిపోయింది.

అయితే 0.8 చట్టం పెట్టిన చివరి గీత మాత్రమే. గాటు పని నీటిని పక్కకు తోయడం, లోతు తగ్గేకొద్దీ తోయగలిగే నీరు తగ్గుతుంది. జూన్ నుంచి నైరుతి వానలు, అవి వెళ్లీవెళ్లకముందే అక్టోబరులో తుఫాన్లు వచ్చే తీరం ఇది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్నీ, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లానూ ఊపేశాయి. రోడ్డు మీద నీరు నిలిచే ఈ నెలల్లో దూరం వెళ్లే బండికి 2 మిల్లీమీటర్ల దగ్గరే టైరు మార్చేయడం మేలు. మిగిలిన రబ్బరు వృథా అయిందనిపించవచ్చు గానీ, వానలో నేలను వదిలేసే టైరుతో పోలిస్తే ఆ నష్టం ఏపాటిది?

లోతు ఒక్కటే చూస్తే సరిపోదు. హైవే మీద ఎక్కువగా తిరిగిన వెనక టైరు నడిమధ్య చదునైపోతుంది, అంచుల్లో మాత్రం కొత్తదానిలా ఉంటుంది. ఇలాంటి టైరు తిన్నటి రోడ్డు మీద బాగానే పోతుంది. మలుపులో బండి వాల్చినప్పుడు చదును అంచు దాటే క్షణాన ఒక్కసారిగా పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. ముందు టైరు జబ్బు వేరు. అరచేతిని దాని మీద ఒక దిక్కుగా నిమిరితే నున్నగా, ఎదురు దిక్కుగా నిమిరితే రంపంపళ్లలా గీరుకుంటుంది. హ్యాండిల్‌లో సన్నని వణుకు, 60 దాటాక గుయ్యిమనే చప్పుడు వస్తున్నాయంటే కారణం తరచుగా ఇదే. గాలి తక్కువగా ఉంచి నడపడం, ముందు షాకబ్జార్బర్లు నీరసించడం దీనికి దారితీస్తాయి. ఆ మూలం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరుగుతుంది.

ఎండలో నిలిపిన బండి టైరు తిరగకపోయినా ముసలిదవుతుంది. పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి బీటలు కనబడితే గాట్లు ఎంత ఉన్నా దాన్ని నమ్మకూడదు.

పక్కగోడ మీది రాత

టైరు గురించి తెలుసుకోవలసిందంతా దాని ఒంటి మీదే ఉంటుంది. ఉదాహరణకు 120/90-17 64ఎస్. వెడల్పు 120 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. తర్వాతి 64 బరువు సూచిక, దాని అర్థం 280 కిలోలు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని. బరువు సూచిక 57 అయితే 230, 62 అయితే 265, 66 అయితే 300 కిలోలు. వేగానికి పి అంటే 150, హెచ్ అంటే 210.

ఈ అంకెల్లో బరువు సూచికే ముఖ్యమైనది, జనం చూడనిదీ అదే. ఒక లెక్క వేసి చూద్దాం. సుమారు 200 కిలోల బండి బరువులో సగం, అంటే వంద కిలోలు, వెనక చక్రం మీద పడుతుంది. నడిపేవాడిలో సగానికి పైగా, వెనక కూర్చున్న మనిషి దాదాపు మొత్తం, క్యారియరు మీది సామాను మొత్తం కలిపితే మరో 130 దాకా చేరుతుంది. 280 మోసే టైరుకు ఇది సుఖమైన బరువే. అదే కొలతలో చవగ్గా దొరికిందని 57 సూచిక టైరు వేయిస్తే అది తన హద్దు అంచున నడుస్తుంది. పైన బియ్యం మూట పడితే హద్దు దాటుతుంది.

కొలత మార్చి లావు టైరు వేయించే సరదా మరొకటి. రిమ్ము వెడల్పు మారదు కాబట్టి లావు టైరు అంచులు లోపలికి నొక్కుకుని నడుము పైకి లేస్తుంది, మలుపులో తీరు మారిపోతుంది, చైను గార్డుకో మడ్‌గార్డుకో రాసుకోవచ్చు. ఎత్తు తగ్గించినా తేడా వస్తుంది. 120/90-17 టైరు మొత్తం వ్యాసం సుమారు 648 మిల్లీమీటర్లు, 120/80-17 అయితే 624. చక్రం 4 శాతం దాకా చిన్నదైతే, ఆ చక్రం నుంచి వేగం కొలిచే బండిలో స్పీడోమీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, బండి నేలకు దగ్గరవుతుంది. కంపెనీ చెప్పిన కొలతకు కట్టుబడడమే దారి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు ముందు 90/90-21, వెనక 120/90-17. మీటియర్ 350కు 100/90-19, 140/70-17. బజాజ్ డామినార్ 400కు 110/70 ఆర్17, 150/60 ఆర్17. చివరి దానిలోని ఆర్ అక్షరం రేడియల్ అని చెబుతుంది. రేడియల్ టైరు ఒక చక్రానికి, మామూలు బయాస్ టైరు రెండో చక్రానికి వేయడం బండి తయారీదారు ఒప్పుకుంటే తప్ప చేయకూడదు.

తయారైన తేదీ కూడా పక్కగోడ మీదే, ఒక గుండ్రటి గడిలో నాలుగు అంకెలుగా ఉంటుంది. 3223 అంటే 2023వ సంవత్సరం 32వ వారంలో తయారైందని. స్ప్లెండర్, పల్సర్ టైర్లు చిన్న ఊళ్లలో రోజూ అమ్ముడుపోతాయి గనక తాజాగా ఉంటాయి. 21 అంగుళాల ముందు టైరు, 150 వెడల్పు వెనక టైరు ఎప్పుడో ఒకరు అడిగేవి, కాబట్టి అటక మీద ఏళ్లు గడిపి ఉండవచ్చు. ఇలాంటివాటికి డబ్బు ఇచ్చే ముందు ఆ గడి చూపించమని అడగాలి. ఐ.ఎస్. 15627 ప్రమాణం కింద ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

రబ్బరు, గాట్లు

మెత్తని రబ్బరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరుది దీనికి తిరగేసిన గుణం. టూరింగ్ టైర్లు తయారుచేసేవాళ్లు కొన్ని రకాల్లో మధ్య భాగానికి గట్టి రబ్బరు, అంచులకు మెత్తని రబ్బరు వాడతారు. తిన్నటి రహదారి మీద మధ్య భాగం మన్నుతుంది, ఘాట్ మలుపుల్లో అంచు పట్టుకుంటుంది. చీపురుపల్లి నుంచి వెళ్లే అరకు ప్రయాణం ఇందుకు అచ్చమైన పరీక్ష. విజయనగరం, శృంగవరపుకోట దాటే వరకు బండి నిటారుగా పోతుంది. అక్కణ్నుంచి అనంతగిరి మలుపులు మొదలు. చెట్ల నీడన రోడ్డు మధ్యాహ్నం దాకా తడిగా ఉంటుంది, మలుపు లోపలి అంచున పాచి పట్టి ఉంటుంది. అక్కడ బండిని నిలిపేది అంచు రబ్బరే.

గాట్ల విషయంలో, ఎత్తైన రబ్బరు దిమ్మెలున్న టైరు చూపుకు బలంగా ఉంటుంది, మట్టిలోనూ కంకరలోనూ దానిదే పైచేయి. తారు మీద దానికి నేలతో తాకిడి తక్కువ, చప్పుడు ఎక్కువ, వేడెక్కి దిమ్మెలు త్వరగా అరుగుతాయి, తడి తారు మీద బ్రేకు దూరం పెరుగుతుంది. దేవమాలి ఫొటో మనసులో పెట్టుకుని దిమ్మెల టైరు కొన్నవాడు ఏడాదిలో ఒక రోజు కొండ మీద, మిగిలిన రోజులన్నీ తారు మీద తిరుగుతాడు. చీపురుపల్లి నుంచి పైన చెప్పిన దారులన్నీ తారు రోడ్లే. కాబట్టి రోడ్డుకు మొగ్గిన టైరు, మధ్యలో నీటిని తీసుకుపోయే లోతైన గాట్లు, కాస్త కంకర వచ్చినా తట్టుకునే వెడల్పు ఖాళీలు ఉన్న రకం ఇక్కడికి సరిపోతుంది. మాంగనీసు పొడి, పొలాల నుంచి ట్రాక్టర్లు మోసుకొచ్చే మట్టి కోసం దిమ్మెలు అక్కర్లేదు, నెమ్మది చాలు.

ట్యూబు ఉన్నవి, లేనివి

పుల్లల చక్రంలో ప్రతి పుల్ల మొనా రిమ్ములోంచి దూరి ఉంటుంది, ఆ సందుల్లోంచి గాలి పోతుంది. అందుకే హిమాలయన్ 411లాంటి వాటికి ట్యూబు తప్పదు. ట్యూబులెస్ అని రాసిన టైరును అలాంటి రిమ్ముకు ఎక్కించినా లోపల ట్యూబు వేయాల్సిందే. టైరు మార్చేటప్పుడు ట్యూబునూ, పుల్లల మొనలు గుచ్చుకోకుండా కాపాడే రబ్బరు పట్టీనీ కూడా మార్చాలి. సాగిపోయిన పాత ట్యూబు కొత్త టైరులో మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. మేకు దిగితే ట్యూబు ఒక్కసారిగా చప్పబడుతుంది, ట్యూబులెస్ నుంచి గాలి నెమ్మదిగా పోతుంది, బండిని పక్కకు తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఎక్కించడం, తర్వాత

టైరు అంచుకు సబ్బునీళ్లు రాసి, లివర్లతో కొద్దికొద్దిగా రిమ్ములోకి దింపుతారు. పక్కగోడ మీది బాణం చక్రం ముందుకు తిరిగే దిక్కుకే ఉండాలి. గాలి పట్టాక అంచు దగ్గర టైరు చుట్టూ ఒక సన్నని గీత కనబడుతుంది. అది రిమ్ము నుంచి అన్ని చోట్లా ఒకే దూరంలో ఉందా అని చక్రం తిప్పి చూడాలి. ఒకచోట ఆ గీత లోపలికి మునిగి ఉంటే అంచు సరిగా కూర్చోలేదని అర్థం. అప్పుడు గాలి తీసి, సబ్బు రాసి, మళ్లీ పట్టించాలి. పల్లె షాపులో బ్యాలెన్సింగ్ యంత్రం లేకపోతే ఈ పరీక్షే సగం పని చేస్తుంది.

గాలి ఎంత పట్టాలన్నది బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది, వెనక మనిషి ఉన్నప్పుడు వేరే అంకె ఉంటుంది. టైరు మీద అచ్చు వేసిన పెద్ద అంకె అది తట్టుకోగలిగిన హద్దు, రోజూ పట్టించవలసినది కాదు. చూసేది పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. విశాఖ దాకా పరుగెత్తి వచ్చిన టైరులో వేడికి ఒత్తిడి పెరిగి ఉంటుంది, ఎక్కువైందని అప్పుడు గాలి తీసేస్తే రాత్రికి తక్కువైపోతుంది.

కొత్త టైరు ఉపరితలం నున్నగా, జారుడుగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకు వేయకుండా, ఎక్కువగా వాల్చకుండా నడపాలి. ఆదివారం అరకు వెళ్లాలనుకునేవారు ముందు సోమవారమే టైర్లు మార్పించుకుంటే, ఆ వారంలో విజయనగరానికి మూడుసార్లు వెళ్లి రావడంతో 180 కిలోమీటర్లు పూర్తవుతాయి.