హైదరాబాదులో ఉపాధి అందుబాటు

హైదరాబాదు నగరంలో ప్రజలు నివసించే ప్రాంతాలకు, పనులు దొరికే ప్రాంతాలకు మధ్య దూరం గత మూడు దశాబ్దాలలో బాగా పెరిగినది. ఈ దూరాన్ని తగ్గించడానికి ప్రభుత్వాలు రెండు మార్గాలను అనుసరించినవి. మొదటిది భూవినియోగ ప్రణాళిక ద్వారా పనిని నివాసాలకు చేరువ చేయడం. రెండవది చౌకైన రవాణా ద్వారా మనుషులను పని వద్దకు చేర్చడం.

నేపథ్యం

1950-70 దశకాలలో స్థాపించిన పెద్ద ప్రభుత్వరంగ సంస్థలు కర్మాగారంతో పాటు ఉద్యోగుల నివాసాలను కూడా నిర్మించినవి. రామచంద్రాపురంలోని భెల్ టౌన్‌షిప్, బాలానగర్ వద్ద ఐడీపీఎల్ కాలనీ ఇందుకు ఉదాహరణలు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత కొత్త ఉద్యోగాలు ఎక్కువగా మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వంటి పడమటి ప్రాంతాలలో కేంద్రీకృతమైనవి. కార్యాలయాలతో పాటు కాపలా, వంట, శుభ్రత, వాహన చోదక పనులు కూడా అక్కడికే తరలినవి. పాతబస్తీ, ఉప్పల్, మల్కాజిగిరి, దిల్‌సుఖ్‌నగర్ వాసులకు ఈ పనులు దూరమైనవి.

నివాసానికి, ఉపాధికి మధ్య ఏర్పడే ఇటువంటి ఎడం నిరుద్యోగానికి కారణమవుతుందని అమెరికా ఆర్థికవేత్త జాన్ కెయిన్ 1968లో షికాగో, డెట్రాయిట్ నగరాల ఆధారంగా ప్రతిపాదించినాడు.

రవాణా పథకాలు

* ఎం.ఎం.టి.ఎస్.: రాష్ట్ర ప్రభుత్వం, దక్షిణ మధ్య రైల్వే కలిసి చేపట్టిన ఈ రైళ్ళు 2003 ఆగస్టు 9న ప్రారంభమైనవి. మొదటి దశలో ఫలక్‌నుమా, సికింద్రాబాదు, నాంపల్లి ప్రాంతాలను లింగంపల్లితో కలిపినవి. టికెట్టు ధర తక్కువ. అయితే దూరప్రయాణ రైళ్ళు నడిచే పట్టాలనే వాడుకోవడం వలన రైళ్ళ సంఖ్యను పెంచడం కష్టమైనది. స్టేషను నుండి పనిస్థలం వరకు షేర్ ఆటోపై ఆధారపడవలసి రావడం మరొక ఇబ్బంది.
* మెట్రో రైలు: 2017 నవంబరులో ప్రారంభమైనది. నాగోలు నుండి వచ్చే మార్గం 2019 మార్చి 20న హైటెక్ సిటీకి చేరినది. అనగా సైబర్ టవర్స్ వచ్చిన ఇరవై ఏళ్ళ తరువాత గాని తూర్పు ప్రాంతాల నుండి హైటెక్ సిటీకి మెట్రో సౌకర్యం కలుగలేదు. మొదటి దశలో పాతబస్తీ భాగం నిర్మాణం కాలేదు. దానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగినది.
* బస్సులు: 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం క్రింద తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను ప్రయాణం ఉచితమైనది. ఇండ్లలో పనిచేసే స్త్రీలకు ఛార్జీల భారం తప్పినది. కాని ప్రయాణానికి పట్టే సమయం ఉచిత టికెట్టుతో తగ్గదు. అది బస్సుల సంఖ్యపై, వేళలపై ఆధారపడి ఉంటుంది.

భూవినియోగ విధానాలు

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలకు కాక మనుషుల రాకపోకలకు ప్రాధాన్యమివ్వాలని, రవాణాను భూవినియోగంతో కలిపి ఆలోచించాలని సూచించినది. ఐటీ సంస్థలు పడమట మాత్రమే కాక నగరపు ఇతర దిక్కులకు కూడా విస్తరించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2020లో గ్రిడ్ విధానాన్ని ప్రకటించినది. అదే సంవత్సరం కరీంనగర్, ఖమ్మం పట్టణాలలో ఐటీ టవర్లు ప్రారంభమైనవి.

గృహ నిర్మాణంతో సంబంధం

పేదల గృహాలకు చౌక భూమి సాధారణంగా నగరపు అంచులలోనే లభిస్తుంది. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇండ్ల సముదాయం 2023 జూన్ 22న ప్రారంభమైనది. ఇటువంటి చోటికి మారిన కుటుంబానికి పక్కా ఇల్లు లభించినా, పాత బస్తీలో నడచి వెళ్ళి చేసుకొన్న పని దూరమవుతుంది. తెల్లవారకముందే అడ్డాకు చేరవలసిన కూలీకి మొదటి బస్సు ఏ వేళకు వస్తుందన్నది ఆ రోజు కూలి దొరకడమా, దొరకకపోవడమా అన్న ప్రశ్న. అందువలన ఇండ్ల స్థలాన్ని ఎంపిక చేసేటప్పుడే బస్సు మార్గాలను, బడిని, సమీప ఉపాధిని కలిపి నిర్ణయించడం అవసరం.

కొలమానం

రోడ్డు పొడవు, వంతెనల సంఖ్య ఉపాధి అందుబాటును తెలియజేయవు. ఒక బస్తీ నుండి ప్రజా రవాణాలో నిర్ణీత సమయంలో, భరించగల ఖర్చుతో ఎన్ని పనిస్థలాలను చేరుకోవచ్చునన్నదే సరైన కొలమానం.

ఇవి కూడా చూడండి

* హైటెక్ సిటీ
* హైదరాబాదు మెట్రో రైలు
* మహాలక్ష్మి పథకం