నర్సీపట్నం ‘రోడ్డు’: రైలు తేదీల్లో మన ఆడవాళ్ళు



పిల్లల పాఠ్యపుస్తకాల్లో రైళ్ళ చరిత్ర అంటే తేదీల పట్టిక. ఫలానా ఏడు ఫలానా దొర ప్రారంభించాడు, ఇన్ని మైళ్ళు నడిచింది, ఇన్ని పెట్టెలు లాగింది, అంతే. వల్లె వేయడం, పరీక్ష కాగానే మరచిపోవడం. ఆ పట్టికలో ఆడవాళ్ళు ఎక్కడా కనిపించరు. కాని అదే పట్టికను వంటింటి గడప మీద కూర్చుని చదివి చూడండి, వేరే అర్థం తోస్తుంది. పుట్టింటి ప్రయాణం, తీర్థయాత్ర, కరువు, గోడ మీది గడియారం, ఆఖరికి నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడే అవసరాలు, వీటన్నిటికీ రైలు తేదీలతో చుట్టరికం ఉంది. ఈవేళ ఆ చుట్టరికాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మాది నర్సీపట్నం. కొండల అంచున, ఏజెన్సీకి వాకిలి లాంటి ఊరు. చింతపల్లి, లంబసింగి వెళ్ళాలన్నా మా ఊరి మీదుగానే పోతారు. మద్రాసు నుంచి హౌరా పోయే పెద్ద లైను మీద, తునికీ ఎలమంచిలికీ నడుమ, ‘నర్సీపట్నం రోడ్’ అని ఒక స్టేషనుంది. కొత్తగా ఎవరైనా చుట్టాలు వస్తే ఆ పేరు చూసి దిగుతారు. దిగి, ఊరేదండీ అని అడుగుతారు. ఊరు అక్కడెందుకుంటుంది? ఇంకా ఇరవై పైచిలుకు కిలోమీటర్లు లోపలికి రావాలి. రైల్వేవారి భాషలో పేరు చివర ‘రోడ్’ అని ఉంటే, ఊరు ఇక్కడ లేదు, ఊరికి పోయే రోడ్డు మాత్రం ఇక్కడ ఉంది అని అర్థం చేసుకోవాలి. ఆమదాలవలసలో ఉన్న స్టేషనుకు శ్రీకాకుళం రోడ్ అని పేరు పెట్టడమూ ఇలాంటిదే.

పట్టాలు మా ఊరికి ఎందుకు రాలేదు? పట్టాలు వేసేవాళ్ళు మిట్టపల్లాలు లేని నేల చూసుకుంటారు. సముద్రానికీ కొండలకూ మధ్య చదునుగా ఉన్న కోస్తా వెంబడి లైను పోయింది. కొండ పాదాన ఉన్న ఊళ్ళు పక్కకు ఉండిపోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేకపోవచ్చు. కాని ఆ ఇరవై పైచిలుకు కిలోమీటర్లు పసిబిడ్డను చంకనేసుకుని ఎడ్లబండిలో వెళ్ళిన తల్లికి అవి ఎంత దూరమో పటంలో గీత గీసినవారికి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు కాస్త వెనక్కి వెళదాం. అమెరికాలో 1830లో బాల్టిమోర్ నగరం నుంచి రైలు దారి మొదలయినప్పుడు పెట్టెల్ని మొదట్లో గుర్రాలే లాగేవి. మన దేశంలో ప్రయాణికుల బండి 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందరు నుంచి ఠాణా దాకా 34 కిలోమీటర్లు నడిచింది. పధ్నాలుగు పెట్టెలు, నాలుగు వందల మంది అతిథులు. దక్షిణాదిన మొదటి బండి 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్ దాకా వెళ్ళింది. చూశారా, అక్కడా ఒక ‘రోడ్’ ఉంది! అసలు మన తెలుగునాట అంతకంటే ముందే, 1845 ప్రాంతాల్లో, ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట పని కోసం రాళ్ళు మోయడానికి పట్టాలు వేశారు. మనుషుల కంటే ముందు బండరాళ్ళకే రైలు యోగం పట్టిందన్నమాట!

కోస్తా లైను వెనక ఒక పెద్ద దుఃఖం ఉంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో వచ్చిన కరువును మనవాళ్ళు ‘ధాత కరువు’ అని చెప్పుకునేవారు. లక్షల మంది పోయారు. ఆ తర్వాత వేసిన కరువు కమిషను, దేశంలో వేల మైళ్ళ కొత్త రైలు దారులు ఉంటేనే గింజల్ని ఒకచోటి నుంచి మరొకచోటికి త్వరగా చేరవేయవచ్చునని 1880లో చెప్పింది. మాట బాగానే ఉంది. కాని పట్టాలు రెండు వైపులా పోతాయి. గింజలు ఊళ్ళోకి తెచ్చే బండే, పైఊళ్ళో ధర బాగుంటే ఇక్కడి గింజల్ని పట్టుకుపోతుంది కూడా. రైలు వచ్చిన చోటల్లా కరువు పోయిందనుకోవడం పొరపాటు. డబ్బున్న గుమ్మానికే గింజలు చేరాయి.

1893లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేవారి బండి బెజవాడ, విశాఖపట్నాల మధ్య నడిచింది. నడిచిందంటే మధ్యలో గోదావరమ్మ ఉండనే ఉంది. అప్పటికి వంతెన లేదు. ఒక గట్టున బండి దిగి, సామాను దింపించుకుని, పడవ దాటి, రెండో గట్టున మళ్ళీ బండి ఎక్కాలి. పిల్లలతో, మూటలతో, ముసలివారితో ఆ దాటడం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. 56 ఖానాల హేవ్‌లాక్ వంతెన 1900లో సిద్ధమయింది. 1997 దాకా దాని మీద బండ్లు నడిచాయి. వంతెన మీద బండి పోతుంటే గోదారిలో డబ్బు వేసి దణ్ణం పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది కదా! పడవలో దాటిన మన ముత్తవ్వలయితే డబ్బుతోపాటు ప్రాణాలు కూడా అరచేతిలో పెట్టుకునేవారు.

బండి వచ్చాక ఇళ్ళల్లో ఏం మారింది? మొట్టమొదట తీర్థయాత్రలు మారాయి. అన్నవరం కొండ మీద సత్యనారాయణస్వామి గుడి వెలసింది 1891లో. రెండేళ్ళకే కొండ కింద నుంచి రైలు వచ్చింది. వ్రతం చేయించుకుందామని దూరపు ఊళ్ళవాళ్ళు పిల్లాపాపలతో బయలుదేరడానికి వీలు కలిగింది. రెండోది సంబంధాలు. బండి మీద ఒక పగలు దూరంలో ఉన్న ఊరికి పిల్లనివ్వడానికి తల్లులు సరే అనసాగారు. మూడోది ఉద్యోగాలు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరులో పెద్ద వర్క్‌షాపు పెట్టాక, మన ఉత్తరాంధ్ర నుంచి వేలమంది అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. రైల్వే క్వార్టర్లలో తెలుగు మాటలు, గుమ్మాల్లో ముగ్గులు, సంక్రాంతికి అరిసెలు, ఇవన్నీ అక్కడికి తీసుకువెళ్ళింది ఆడవాళ్ళే. ఇంజను నడిపింది మగవారైతే, ఊరుకాని ఊళ్ళో సంసారం నడిపింది ఇల్లాళ్ళు.

ఇక గడియారం సంగతి. వెనుకటి రోజుల్లో ప్రొద్దు నడినెత్తికి వస్తే పన్నెండు. ఏ ఊరి ప్రొద్దు ఆ ఊరిది. రైళ్ళు వచ్చాక ఇది కుదరలేదు. ఊరికో టైమైతే బండి ఎప్పుడొస్తుందని చెప్పాలి? అమెరికాలో రైలు కంపెనీలు 1883 నవంబరు 18న దేశాన్ని భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒకే టైము పెట్టుకున్నాయి. కొన్ని ఊళ్ళలో పాత గడియారం ప్రకారం పన్నెండు కొట్టాక, ముల్లు వెనక్కి తిప్పి మళ్ళీ పన్నెండు కొట్టించారు. ఆ రోజును రెండు మధ్యాహ్నాల రోజని చెప్పుకుంటారు. మన దేశంలో రైళ్ళకు మద్రాసు టైము పెట్టుకున్నారు. బొంబాయి టైముకూ కలకత్తా టైముకూ గంట తేడా, మద్రాసు నడుమ ఉంది మరి. 1906 జనవరి 1 నుంచి ఇప్పటి మన టైము వచ్చింది. మద్రాసు టైము కంటే అది తొమ్మిది నిమిషాలు ముందు. ఈవేళ కుక్కరు పెట్టి, టైము చూసుకుంటూ, పిల్లల్ని బడికి తయారుచేసే ప్రతి ఇల్లాలూ రైలు గడియారాన్నే చూస్తోంది.

అన్నిటికంటే ముఖ్యమైన తేదీ, ఏ పట్టికలోనూ ఉండనిది, ఇప్పుడు చెబుతాను. అది 1891 జనవరి 1. అంతకు ముందటి ఏడు చేసిన రైల్వే చట్టంలో 64వ సెక్షను ఒకటుంది. ఆ రోజు నుంచి ప్రయాణికుల బండి ప్రతిదానిలోనూ అట్టడుగు తరగతిలో కనీసం ఒక గది ఆడవాళ్ళకే విడిచిపెట్టాలి. బండి యాభై మైళ్ళు మించి పోయేదైతే అలాంటి ఒక గదిలో మరుగుదొడ్డి ఉండాలి. కోస్తా లైను వచ్చేనాటికి ఈ చట్టం ఉంది. అంటే మా నర్సీపట్నం రోడ్డులో దూరపు బండి ఎక్కిన ఇల్లాలికి ఆ సౌకర్యం చట్టమిచ్చిన హక్కు అన్నమాట.

ఎంత చిన్న విషయం అనిపిస్తుంది! కాని ఆలోచించండి. దూరప్రయాణమంటే ముందు రోజు నుంచే నీళ్ళు తాగడం తగ్గించే అలవాటు మన ఆడవాళ్ళకు ఉంది. మరచెంబు నిండా నీళ్ళు పెట్టుకుని, పిల్లలకు పట్టి, తాము మాత్రం గొంతు తడుపుకుని ఊరుకునేవారు. ఎందుకో చెప్పనక్కర లేదు. యాభై మైళ్ళంటే ఎనభై కిలోమీటర్లు. గంటకు పదిహేను, ఇరవై మైళ్ళు నడిచే బండి అనుకుంటే రెండున్నర నుంచి మూడు గంటల పైచిలుకు. అంతకు లోపలైతే ఓర్చుకోమని చట్టమే చెప్పినట్టయింది. గర్భిణి అయినా సరే, చంటిపిల్ల తల్లి అయినా సరే.

బెంగాలులో ఓఖిల్ చంద్ర సేన్ అనే ఆయన 1909లో రైల్వేవారికి ఒక ఉత్తరం రాశాడు. అహమ్మద్‌పూర్ స్టేషనులో దిగి అవసరానికి వెళితే, గార్డు ఆగకుండా బండి కదిలించాడనీ, ఒక చేత్తో చెంబు, మరో చేత్తో పంచె పట్టుకుని పరుగెత్తి పడిపోయి అందరిలో నవ్వులపాలయ్యాననీ ఫిర్యాదు. ఆ ఉత్తరాన్ని ఢిల్లీలోని రైలు మ్యూజియంలో పెట్టారు. కింది తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని అంతా నవ్వుకుంటూ చెప్పుకుంటారు. మంచిదే. కాని అంతకు పద్ధెనిమిదేళ్ళ ముందు ఆడవాళ్ళ కోసం వచ్చిన సెక్షను గురించి ఎవరూ చెప్పుకోరు. మగవాడు పడిపోతే కథ అయింది. ఆడవాళ్ళు ఓర్చుకుంటే అది అలవాటయింది.

పట్టాలు వేసిన చేతుల సంగతీ ఇంతే. 1869 మే 10న అమెరికాలో తూర్పు నుంచి వచ్చిన లైనూ పడమటి నుంచి వచ్చిన లైనూ ప్రామంటరీ అనే చోట కలిశాయి. బంగారు మేకు కొట్టి పండుగ చేసుకున్నారు. కొండలు తొలిచిన వేలాది చైనా కూలీల పేర్లు చరిత్రలో లేవు. మన దక్షిణాదిన రైలు కట్టలకు మట్టి పోసినవారిలో వడ్డెర కుటుంబాలు ఎక్కువ. మగవారు తవ్వితే ఆడవారు గంపలకెత్తి మోసేవారు. వంతెనకు గవర్నరు పేరు పెట్టారు. కట్ట మీద మట్టి పోసిన తల్లికి ఏ పేరూ లేదు.

మరి ఇప్పుడో? 1989లో సురేఖా యాదవ్ అనే మహారాష్ట్ర యువతి అసిస్టెంటు డ్రైవరుగా ఇంజను ఎక్కింది. ఆసియాలోనే మొదటి రైలు డ్రైవరమ్మ అని పేరు తెచ్చుకుంది. 2023లో రైల్వే బోర్డు అధ్యక్ష పీఠం మీద జయావర్మ సిన్హా కూర్చున్నారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే. సంతోషించాల్సిన సంగతులే.

అయితే చట్టం సంగతి మరచిపోకండి. పాత చట్టం తీసివేసి 1989లో కొత్తది చేశారు. పాతదానిలో ఆడవాళ్ళకు ‘కనీసం ఒక గది’ అని ఉండేది. కొత్తదానిలో 58వ సెక్షను, ఒక గది గాని, రైల్వేవారికి తగునని తోచినన్ని బెర్తులు, సీట్లు గాని అంటోంది. మాట కాస్త వదులయింది. అదే చట్టంలో 139వ సెక్షనుంది, అది ప్రతి ఆడపిల్లకూ తెలిసి ఉండాలి. మగతోడు లేని స్త్రీని గాని, పిల్లల్ని గాని టిక్కెట్టు లేదని ఎక్కడబడితే అక్కడ బండి దించడానికి వీల్లేదు. ఎక్కిన స్టేషనులో గాని, జంక్షనులో గాని, బండి ఆఖరి స్టేషనులో గాని, జిల్లా కేంద్రంలో గాని మాత్రమే దించాలి. అదీ పగటిపూటే. టిక్కెట్టు కొనకుండా వెళ్ళమని నేను చెప్పడం లేదు, పర్సు పోయిన రోజున ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

మా ఊళ్ళోకి పట్టాలు ఇంకా రాలేదు. బస్సో, ఆటోనో పట్టుకుని నర్సీపట్నం రోడ్‌కో, తునికో, అనకాపల్లికో వెళ్ళి బండి ఎక్కుతున్నాం. అర్ధరాత్రి దిగితే తెల్లవారేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. ఆ ఇరవై పైచిలుకు కిలోమీటర్లూ ఏ రైల్వే పట్టికలోనూ లెక్కకు రావు. కాని మన ప్రయాణంలో అవి ఉన్నాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒక పని చేయండి. మొదటిసారి రైలెప్పుడెక్కారు, ఎవరితో వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, దారిలో ఏం ఇబ్బంది పడ్డారు అని అడగండి. పిల్లల నోటు పుస్తకంలో రాయించండి. గవర్నర్ల తేదీలు ప్రభుత్వం భద్రంగా దాచుకుంది. మన అమ్మమ్మల తేదీలు మనం దాచుకోకపోతే ఇంకెవరు దాస్తారు?