వినాళగ్రంథి విఘాతకములు (పశ్చిమ ప్రకాశము)

కణములందలి గ్రాహకములకు హార్మోనులకు బదులుగా తామే అంటుకొనియో, మఱియొక విధముననో హార్మోనుల పనిని చెఱచి, దేహవ్యవహారమును తాఱుమాఱు చేయు రసాయనములకు వినాళగ్రంథి విఘాతకములని పేరు; ప్లాస్టిక్కునుండి నీటిలోనికి ఊరునవి వానిలో కొన్ని. ఈ పేరు అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో శాస్త్రవేత్త థియో కోల్‌బార్న్ చొరవతో 1991లో జరిగిన సమావేశమున పుట్టినది. పదార్థములు మాత్రము అంతకంటె చాల ప్రాచీనములు.

పాలీకార్బొనేటను గట్టి ప్లాస్టిక్కునకు మూలద్రవ్యమగు బిస్‌ఫినాల్-ఏను 1891లో రష్యాదేశీయుడు డయానిన్ తయారుచేసెను. అది స్త్రీహార్మోనగు ఈస్ట్రోజనువలె ప్రవర్తించునని 1936లో లండనునందు శాస్త్రజ్ఞులు డాడ్స్, లాసన్‌లు చూపిరి. మఱుసటి యేడే, 1937లో, బావినీటి ఫ్లోరైడువలన ఎముకలు బిగిసి నడుము వంగిపోవు వ్యాధి నెల్లూరు జిల్లాలో నున్నదని షార్ట్ ప్రభృతి పరిశోధకులు వెల్లడించిరి. పశ్చిమ ప్రకాశములోని పొదిలి, దర్శి, కనిగిరి సీమలు నాడు ఆ జిల్లాలోనివే, మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. ఒండొంటి నెఱుగని ఈ రెండు వృత్తాంతములును అర్ధశతాబ్దికి పైగా గడచిన పిమ్మట ఇరువది లీటర్ల నీళ్లక్యానునందు కలిసికొనినవి.

ఎట్లన, ఫ్లోరైడునకు వెఱచి బోరునీరు మానిన జనము శుద్ధిచేయు ప్లాంటు నీళ్లకు అలవాటుపడిరి. మే నెల మధ్యాహ్నమున ఆటోపై ఎండకు మాడుచు వీధివీధి తిరుగు పాలీకార్బొనేటు క్యానును చేతబట్టి చూడుడు: పదేపదే తోముటచే నీలిరంగు మాసి, ఒడలెల్ల తెల్లని గీతలు తేలియుండును. వేడియు, క్షారముతోడి కడుగుడును పాలీకార్బొనేటు బంధములను తెంచి బిస్‌ఫినాలును నీటిలోనికి విడుచును. పెట్ సీసాలకు ఆ మూలద్రవ్యముతో పనిలేదు గావున అన్నిటిని ఒక్క గాటన గట్టరాదు. పి.వి.సి. ప్లాస్టిక్కును మెత్తబఱచు థాలేటులను విఘాతకముల తీరు వేఱు. అవి ప్లాస్టిక్కుతో బంధము లేక ఊరక కలిసియుండునవి గనుక, పారవేసిన మెత్తని గొట్టములనుండి, తీగల తొడుగులనుండి వాననీటితో వాగులకు చేరుట సులభము. రాతిపలకలకు పేరుగన్న మార్కాపురముననే బడిపిల్లవాని చేతికి ప్లాస్టిక్కు పలక వచ్చినదనిన, ప్లాస్టిక్కు చొరబాటు ఎంతటిదో వేఱుగ చెప్పనేల?

పసిబిడ్డల పాలసీసాలకు పాలీకార్బొనేటు వాడరాదని భారత ప్రమాణముల సంస్థ 2015లో నిర్ణయించినది. ఇక క్యాను అక్కఱ లేని నీటి మాట: కృష్ణాజలమును శ్రీశైలమునుండి నల్లమల సొరంగములగుండ ఈ సీమకు దెచ్చు వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆ నీరు కుళాయికి వచ్చుదాక క్యాను తప్పనివారు దానిని నీడన నుంచి, గీతలు పడినదానిని తిరిగి యిచ్చివేసి, నీటిని వెంటనే మట్టికుండలోనికి వంపుకొనుట మేలు.