మోటారుబండి పంకా కథ



కచ్చేరీలలో పంకా లాగు బంట్రోతులుండిన కాలమును గూర్చి మా తాతగారు చెప్పగా వింటిని. పైకప్పునకు వ్రేలాడు గుడ్డపంకాకు త్రాడు కట్టి, వసారాలో కూర్చుండి ఒకడు లాగుచుండెడివాడట. గాలి చక్కగా వీచు సాయంకాలమున వాడు మహోత్సాహముతో లాగును. ఉక్కపోయు మిట్టమధ్యాహ్నమున కునుకు తీయును. పాత మోటారుకార్లలో ఇంజనుముందు తిరుగు పంకా స్వభావము సరిగా ఇట్టిదే. దానిని తీసివైచి, విద్యుత్తుతో తిరుగు పంకాను బిగించుకొను వాడుక మన పట్టణములలో చాల కాలముగా నున్నది. ఆ మార్పు ఎట్లు వచ్చినది, అందు ప్రమాదమెక్కడ దాగియున్నది అను సంగతులను నేడు మీకు విన్నవింతును. సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవానికి ఇంజనులతో పనియేమని కొందఱు నవ్వవచ్చును. కార్యకారణ సంబంధము నెఱుగగోరువానికి తర్కగ్రంథమైన నేమి, యంత్రమైన నేమి?

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో నాలుగవ వంతుకు కొంచెము అటునిటుగా మాత్రమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. సుమారు మూడవ వంతు ఇంజను గోడలగుండ నీటిలోనికి చేరును. మిగిలినది చాలవఱకు పొగగొట్టము వెంట పోవును. నీటిలో చేరిన వేడిని గాలికి అప్పగింపకున్నచో పిస్టనులు వ్యాకోచించి సిలిండరులను కఱచుకొని పట్టును. మన డ్రైవర్లు 'ఇంజను సీజయినది' అనునది దీనినే. అంతటితో వేలకొలది రూపాయల సొమ్ము నీళ్ళపాలు.

1886లో జర్మనీ దేశీయుడగు కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల మోటారుబండికి పేటెంటు పొందెను. అందు రేడియేటరు లేదు. నీరు మరిగి ఆవిరియగుచు వేడిని తనతో గొనిపోవును. పోయినంత నీటిని మరల పోయుచుండవలెను. 1888 ఆగస్టు మాసమున ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, ఇద్దఱు కుమారులను వెంటనిడుకొని, మాన్‌హైము నగరమునుండి తన పుట్టినిల్లగు ఫోర్ట్స్‌హైమునకు ఆ బండిమీద నూఱు కిలోమీటర్లకు పైగా పోయెను. త్రోవలో వీస్లోఖు అను ఊరి మందుల అంగడిలో ఇంధనము కొనెను. నీరు దొరికిన చోటనెల్ల బండి నాపి దాని దాహము తీర్చుచు వచ్చెను. ఆడుబిడ్డ పుట్టింటికి పోవుటయే లోకమున పేరెన్నికగన్న మొదటి దూరపు మోటారు ప్రయాణమగుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపు సంగతి.

ఇట్లు ఊరూర నీరు పోయు బాధను తప్పించినవాడు విల్హెల్మ్ మైబాఖ్. 1900 సంవత్సరాంతమున సిద్ధమైన మెర్సిడిస్ 35 అశ్వశక్తుల బండికి ఆయన తేనెపట్టును బోలిన రేడియేటరును అమర్చెను. ఆఱేసి మిల్లీమీటర్ల చదరపు గొట్టములు 8,070 అందు కూర్చబడెను. గొట్టములలో గాలి, వాని చుట్టును నీరు. అంత బలమైన ఇంజనునకు 9 లీటర్ల నీరు చాలెను. బండి మెల్లగా పోవునప్పుడు గాలి చాలదని, రేడియేటరు వెనుక నొక చిన్న పంకాను గూడ ఆయనయే పెట్టెను. నేటి కార్లన్నిటి ముఖములయందును ఉన్నది ఆ తేనెపట్టు సంతతియే.

1908 నుండి 1927 వఱకు అమెరికాలో కోటి ఏబది లక్షలుగా తయారైన ఫోర్డు టి నమూనాలో, తొలి కొన్ని వేల బండ్లు తప్ప, నీటిని త్రోయు పంపు సైతము లేదు. వేడినీరు తేలికయై పైకి లేచును, చల్లని నీరు బరువై క్రిందికి దిగును. ఆ ఎక్కుదిగుడులతోనే నీరు తిరుగుచుండెను. పంకా మాత్రము తోలుబెల్టుతో ఇంజనునకు కట్టబడి తిరిగెను. తరువాతి కార్లలో పంపు వచ్చినది. పంకా పంపు ఇరుసు మీదికే చేరినది. మన అంబాసిడరునందు కలదీ ఏర్పాటే. ఇంగ్లాండువారి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాపై, వంగదేశమున హుగ్లీ తీరపు ఉత్తర్‌పాడాలో, 1950లు ముగియువేళ మొదలై 2014 వఱకు ఆ బండి తయారయ్యెను.

ఇక పంకాబంట్రోతు సంగతికి వత్తును. బెల్టుపంకా ఇంజనుతో పాటు తిరుగును. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లబఱచును, పంకాతో పనిలేదు. అప్పుడే అది మహావేగముతో తిరుగును. పైగా పంకా వేగము రెట్టింపైనచో అది మ్రింగు శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. ఆ శక్తి యంతయు పెట్రోలునుండి వచ్చినదే. మఱి రైలుగేటు కడనో, తిరునాళ్ళ గుంపులోనో బండి నిలిచియున్నప్పుడు ఎదురుగాలి లేదు. ఇంజను మెల్లగా తిరుగుచుండుటచే పంకాయు మెల్లగానే తిరుగును. వైశాఖమాసపు ఎండలో అంబాసిడర్లు తఱచుగా నీరు మరిగి ఆగునది గుంపులలోనే గాని, బయలుదారిలో కాదు.

ఇంత తెలిసియు పంకాను విద్యుత్తునకు ఏల మార్పలేదని మీరడుగవచ్చును. పెట్రోలు పొదుపు కొఱకు మార్చిరని కొందఱందురు గాని, అసలు కారణము వేఱని నా అభిప్రాయము. 1912లో కాడిలాక్ కారునకు ఛార్లెస్ కెటరింగు విద్యుత్తు స్టార్టరును కూర్చిన నాటినుండి కార్లలో బ్యాటరీయు డైనమోయు స్థిరపడెను. అయినను ఏబదేండ్లు పంకా బెల్టును వదలలేదు. ఇంజను బండిలో నిలువుగా ఉన్నంతకాలము దాని ముందుకొన రేడియేటరునకు ఎదురుగా నుండును. అక్కడ పంకా బిగించుట సులభము, చవుక. 1959లో ఇంగ్లాండున వచ్చిన మినీ కారులో ఇంజనును అడ్డముగా పెట్టిరి. బెల్టుకొన చక్రమువైపు తిరిగెను. అందుచే వారు రేడియేటరునే ప్రక్కకు జరిపి, గాలిని చక్రపు గూటిలోనికి విసరించిరి. ఇటలీలో డాంటె జియకోసా రూపొందించి 1969లో విడుదలయైన ఫియట్ 128లో రేడియేటరును యథాస్థానమున ముందే ఉంచి, దానికి విద్యుత్తు పంకాను పెట్టిరి. ఇంజను ఎటు తిరిగియున్నను తీగె పోయిన చోటికి పంకా పోగలదు గదా! పైగా నీటివేడి హద్దు మీఱినప్పుడే తిరిగి, చల్లబడగానే ఆగిపోవు సుగుణము దానికి కలదు. మన దేశమున 1983 డిసెంబరులో వెలువడిన మారుతీ 800తో ఈ పద్ధతి ఊరూరికి చేరినది. పాడైన మారుతీల పంకాలు పాతసామానుల అంగళ్ళకు రాగానే, వానిని అంబాసిడర్లకు బిగించు నేర్పరులును బయలుదేరిరి.

బిగించుట సులభమే. ప్రమాదము తీగెలలో నున్నది.

నా పూర్వశిష్యుడొకడు పెండ్లిండ్లకు అంబాసిడరును బాడుగకు తిప్పి కుటుంబమును పోషించుకొనుచున్నాడు. పెండ్లికుమారుని ఆ బండిలోనే ఊరేగింపవలెనను ముచ్చట మావైపు ఇంకను పోలేదు. ఒక పట్టణపు మేస్త్రీ వానికి విద్యుత్తు పంకా బిగించి, బ్యాటరీనుండి సన్నని తీగె నొకదానిని డ్యాష్‌బోర్డులోని స్విచ్చికి, అక్కడనుండి పంకాకు లాగెను. ఫ్యూజు లేదు. ఇంజనునకును కూర్చుండు చోటికిని నడుమనున్న రేకులో రంధ్రము చేసి, రబ్బరు తొడుగైన లేకుండ తీగెను దూర్చెను. రెండు నెలలు గడచెను. ఒకనాడు పెండ్లివారిని ఎక్కించుకొని పోవుచుండగా డ్యాష్‌బోర్డు క్రిందినుండి పొగ వచ్చెను. వెనుక సీటులో పెండ్లికూతురు, ఆమె నాయనమ్మ, ఇద్దఱు చిన్నపిల్లలు. అందఱిని దింపి, బ్యాటరీ తీగెను ఊడబెఱికి బండిని దక్కించుకొనెను. అఱచేయి కాలెను.

మఱునాడు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, పొగ రాగానే స్విచ్చి ఆపేశానండీ. అయినా ఆగలేదండీ. ఆపాక కరెంటు ఎక్కడిదండీ?" అని అడిగెను.

"ఒరే, స్విచ్చి ఆపితే పంకాకు పోయే కరెంటు ఆగుతుంది. బ్యాటరీ నుంచి స్విచ్చిదాకా వచ్చే తీగెలో ఆగుతుందా?" అంటిని. వాడు కొంతసేపు ఊరకుండి, "ఆగదండీ" అనెను. రేకు అంచున రాచుకొని తీగె తొడుగు తెగినది. రాగి బండిరేకును తాకినది. అడ్డు లేమిచే బ్యాటరీ బలమంతయు ఆ తీగెలో ప్రవహించినది.

రేకును తాకకున్నను ఆ సన్నతీగె మంచిది కాదు. పంకా 20 ఆంపియర్లు తీసికొనుననుకొందము. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగె నాలుగు మీటర్లు సాగినచో, జార్జి ఓం 1827లో ప్రకటించిన సూత్రముచొప్పున సుమారు 1.4 వోల్టులు తీగెలోనే హరించును. 27 వాట్ల వేడి పుట్టును. పంకా నీరసించును, తీగె వేడెక్కును. అదే తీగె నాలుగు చదరపు మిల్లీమీటర్లదైనచో నష్టము నాలుగవ వంతే.

అంత లావు తీగెను డ్యాష్‌బోర్డు వఱకు లాగకుండుటకే రిలే అను పరికరము కలదు. ఆ మాట మొదట అలసిన గుఱ్ఱముల స్థానమున దారిమజిలీలో సిద్ధముగ నుంచు క్రొత్త గుఱ్ఱములకు చెల్లినది. మన తపాలు బంట్రోతులు మజిలీ మజిలీకి సంచి మార్చుకొని పరుగెత్తినది ఇట్లే. 1835లో అమెరికాలో జోసెఫ్ హెన్రీ దూరమునుండి వచ్చు బలహీనమైన విద్యుత్తుచే ఒక అయస్కాంతమును పనిచేయించి, దానిచే వేఱొక బలమైన విద్యుత్తునకు ద్వారము తెఱపించెను. తంతివార్తలు దేశదేశములకు ప్రాకినది ఆ యుక్తిచేతనే. మన దేశపు తంతి 2013 జూలైలో మూతపడినను, దాని రిలే మాత్రము అగ్గిపెట్టెకంటె చిన్నదై మోటారుకార్లలో జీవించుచున్నది. దాని కాళ్ళకు 30, 85, 86, 87 అని అంకెలుండును. బ్యాటరీనుండి ఫ్యూజుమీదుగా లావుతీగె 30కి, అక్కడనుండి పంకాకు 87. 85, 86 లోపలి తీగెచుట్టవి. అవి తీసికొనునది ఆంపియరులో అయిదవ వంతు మాత్రమే. వానిలో నొకటి తాళపుచెవి స్విచ్చినుండి రావలెను, రెండవది రేడియేటరు కడ వేడి తెలిసికొను స్విచ్చిద్వారా ఎర్తుకు పోవలెను. ఫ్యూజును మాత్రము బ్యాటరీకి జేనెడు దూరములోనే పెట్టవలెను. అది పంకా కడనున్నచో నడుమ తీగెకు కావలి లేదు.

డైనమో సంగతియు చూడవలెను. పాత బండ్లలోని లూకస్ డైనమో ఎంత తిరిగినను ఇచ్చునది సుమారు 22 ఆంపియర్లు. బండి నిలిచియున్నప్పుడు దాదాపు శూన్యము. రాత్రివేళ దీపములకును ఇంజనుకును పోగా పంకాకు మిగులునది స్వల్పము. ఆ లోటును బ్యాటరీ తీర్చి తీర్చి తెల్లవారుసరికి చచ్చును. 1960లో అమెరికాలో క్రైస్లరు వారి వేలియంటు కారుతో వాడుకలోనికి వచ్చిన ఆల్టర్నేటరు నెమ్మదిగా తిరుగునప్పుడును విద్యుత్తు నిచ్చును. కావున ముందు ఆల్టర్నేటరు, పిదప పంకా.

1960ల నడుమవఱకు ఇంగ్లాండున తయారైన పెక్కు కార్లలో బ్యాటరీ ధనధ్రువమునే బండిరేకునకు కలిపెడివారు. అట్టి బండిలో నేటి పంకాను ఆలోచింపక కలిపినచో ఎదురుదిశకు తిరిగి, వచ్చు గాలిని వెనుకకు త్రోయును. బిగించిన వెంటనే రేడియేటరునకు పల్చని కాగితమును పట్టి చూడవలెను. ఎదుట పట్టిన కాగితమును ఇంజనువైపు పీల్చుకొన్నచో సరియైనది.

నా శిష్యుడు తీగెలన్నియు మార్పించుకొనెను. మేస్త్రీ పనిచేయుచుండగా ప్రక్కనే నిలిచి ఒక్కొక్క తీగెను అడిగి తెలిసికొనెను. చివర మేస్త్రీ, బెల్టుపంకా పోయినది గనుక బెల్టును గూడ తీసివేయుదునా అని అడిగెనట. పంకా ఊడినను నీటిపంపును ఆల్టర్నేటరును త్రిప్పునది ఆ బెల్టే. అది లేనిచో క్రొత్త పంకా ఎంత వేగముగ తిరిగినను రేడియేటరులో కదలక నిలిచిన నీటికే విసరుచుండును, బ్యాటరీ ఉన్నంతసేపు.