కోటి ప్రయాణాలను ఫొటో తీసిన ఆఫీసు

షికాగో, 1956. సర్వే ఉద్యోగులు వేల ఇళ్ల తలుపులు తట్టారు. వాళ్లకు కావలసింది ఒక్క రోజు సంగతి. నిన్న ఈ ఇంట్లో ఎవరెవరు ఎక్కడికి వెళ్లారు, ఎన్నింటికి, ఏ పని మీద, దేంట్లో? ఆఫీసుకైనా సరే, కొట్టుకైనా సరే, చుట్టాలింటికైనా సరే, అన్నీ రాసుకున్నారు. ఆ జవాబులు చిల్లుల కార్డులకెక్కి, ఆనాటి కంప్యూటర్లలోకి చేరాయి.

అడిగించింది షికాగో ఏరియా ట్రాన్స్‌పోర్టేషన్ స్టడీ. పొట్టిగా క్యాట్స్. ఇల్లినాయ్ రాష్ట్రం, కుక్ కౌంటీ, షికాగో నగరం, ఫెడరల్ రోడ్ల శాఖ కలిసి 1955లో పెట్టిన సంస్థ. పేరులో ఉన్నది అధ్యయనమే అయినా, అర్ధ శతాబ్దం పాటు ఆఫీసు నడిచింది. 2005లో రాష్ట్రం చేసిన చట్టంతో అది ప్రాంతీయ ప్రణాళికా సంఘంతో కలిసిపోయి సీమ్యాప్ అనే కొత్త సంస్థ అయింది. మొదటి డైరెక్టర్ జె. డగ్లస్ క్యారల్. అంతకుముందు డెట్రాయిట్‌లో ఇలాంటి పనే చేసి వచ్చినవాడు.

అంతకుముందు ఇంజినీర్లు ఎక్కువగా చేసింది రోడ్డు పక్కన నిలబడి బళ్లు లెక్కపెట్టడం. ఎక్కడ ఇరుకుందో అది చెబుతుంది. ఆ బండి ఎక్కడ బయల్దేరింది, ఎక్కడికి పోతోంది అన్నది చెప్పదు. ట్రాఫిక్‌ను పుట్టించేది నేల వాడకమేనని రాబర్ట్ మిచెల్, చెస్టర్ రాప్కిన్ 1954లో ఒక పుస్తకంలో వాదించారు. పొలం ప్లాట్లయితే రోడ్డు మీద బళ్లు పెరుగుతాయన్నది మనవైపు రియల్ ఎస్టేట్ ఏజెంటుకు కూడా తెలిసిన విషయమే. దాన్ని అంకెల్లోకి దించింది మాత్రం క్యారల్ బృందం.

క్యాట్స్ చేయించిన ఒక యంత్రం గురించి తప్పక చెప్పుకోవాలి. పేరు కార్టోగ్రాఫట్రాన్. ప్రతి ప్రయాణాన్నీ బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటుకు ఒక తిన్నని గీతగా టీవీ తెరలాంటి గొట్టం మీద గీసేది. ఎదురుగా కెమెరా కన్ను మూయకుండా చూస్తూ ఉండేది. చీకట్లో కాకరపువ్వొత్తి తిప్పుతుంటే తీసిన ఫొటోలోలాగా వెలుగంతా ఒకే ఫిల్ము మీద పేరుకునేది. ఒక మామూలు పనిదినాన ఆ ప్రాంతంలో కోటికి పైగా ప్రయాణాలు జరుగుతున్నాయని సర్వే లెక్క. నల్లటి ఫిల్ము మీద వాటి వెలుగులో మహానగరమంతా కనిపించింది. రవాణా ప్రణాళిక చరిత్రలో ఇంతకంటే అందమైన బొమ్మ నేను చూడలేదు. అందులో నడక మాత్రం దాదాపు లేదు. ఆనాటి సర్వేలు కాలినడకను చాలావరకు ప్రయాణం కిందే జమకట్టలేదు.

బొమ్మ తర్వాత జోస్యం. 1980 నాటికి ఏ పేట నుంచి ఎన్ని ప్రయాణాలు పుడతాయి, ఏ పేటకు పోతాయి, రైలెక్కుతాయా కారెక్కుతాయా, ఏ దారి పడతాయి? ఈ నాలుగంచెల లెక్కలో చివరి ప్రశ్నే కొరకరాని కొయ్యగా ఉండేది. చిక్కుదారుల్లో అతి దగ్గరి దారి పట్టుకునే పద్ధతిని ఎడ్వర్డ్ మూర్ అనే గణితవేత్త కనిపెట్టాక, నగరం మొత్తం రోడ్ల మీదికి ట్రాఫిక్‌ను కంప్యూటరే పంచిపెట్టడం సాధ్యమైంది. ఇక ఎక్స్‌ప్రెస్‌వేలు ఎంతెంత దూరానికొకటి ఉండాలన్నది తేల్చడానికి కూడా సూత్రం రాశారు. రోడ్డు వేసే ఖర్చు ఒకవైపు, జనం సమయం, పెట్రోలు, ప్రమాదాల ఖర్చు మరోవైపు. రెండూ కలిపి ఎక్కడ తక్కువైతే అదే సరైన దూరం. దారికి అడ్డొచ్చే ఇల్లు ఈ ఖాతాలో స్థల సేకరణ ఖర్చు కింద ఒక అంకె, అంతే.

1962లో మూడో సంపుటంతో ప్రణాళిక పూర్తయింది. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 50,000 జనాభా దాటిన పట్టణ ప్రాంతాల్లో, స్థానిక సంస్థలు కలిసి నిరంతరం ప్రణాళిక వేసుకుంటేనే 1965 జులై నుంచి ఫెడరల్ రోడ్డు నిధులు. దాంతో ఊరూరా ఇలాంటి ఆఫీసులు వెలిశాయి. లెక్క ఖండాలు దాటింది. హైదరాబాద్‌లో హుడా రోజుల్లో చేయించిన అధ్యయనం పేరు కూడా హైదరాబాద్ ఏరియా ట్రాన్స్‌పోర్టేషన్ స్టడీయే. తర్వాత హెచ్‌ఎండీఏ చేయించిన సమగ్ర రవాణా అధ్యయనంలోనూ ఇంటింటి సర్వే ఉంది, ఆ నాలుగంచెల లెక్కా ఉంది.

షికాగోలో మాత్రం ఆ లెక్కకు ఎదురుదెబ్బ తగిలింది. పడమటి పేటల మీదుగా, సిసెరో అవెన్యూ దగ్గరగా ఉత్తర దక్షిణాలుగా పోవాల్సిన క్రాస్‌టౌన్ ఎక్స్‌ప్రెస్‌వే క్యాట్స్ పటంలోనూ ఉంది, మేయర్ రిచర్డ్ డేలీ మనసులోనూ ఉంది. వేలాదిమంది ఇళ్లు ఖాళీ చేయాలి. సిటిజన్స్ యాక్షన్ ప్రోగ్రామ్ పేరిట పేటల జనం కూడి ఎదురు తిరిగారు. క్రాస్‌టౌన్ వద్దన్న డాన్ వాకర్ 1972లో గవర్నర్‌గా గెలిచాడు. ప్రయాణికుల సమయానికి వెలకట్టిన లెక్కలో, కదలకుండా ఉన్నచోటే ఉంటామనేవాళ్లకు గడి లేకపోయింది. వాళ్లు ఓటుతో ఆ గడి పూరించారు. నా దృష్టిలో క్యాట్స్ లోపం లెక్క తప్పడంలో లేదు, ఉన్నచోటే ఉండాలనుకుంటున్నారా అన్న ఒక్క ప్రశ్న అడగకపోవడంలో ఉంది.

1979లో గవర్నర్ జేమ్స్ థాంప్సన్, మేయర్ జేన్ బర్న్ కలిసి ఆ రోడ్డును రద్దు చేశారు. రోడ్డు వద్దనుకుంటే ఆ ఫెడరల్ డబ్బును వేరే రవాణా పనులకు మళ్లించుకునే వీలు అప్పటికే చట్టంలో ఉంది. క్రాస్‌టౌన్ డబ్బుతో వచ్చినవాటిలో ముఖ్యమైనది మిడ్‌వే విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు 1993లో మొదలైన ఆరెంజ్ లైన్ రైలు. దాని దారి చాలా మేరకు అప్పటికే ఉన్న రైలు పట్టాల వెంటే సాగుతుంది.